గోళ్ళు తీయడమంటే

పాడేరుకి పై కొండల్లో ఓ చిన్న పశువుల ఆసుపత్రి. అందులో సుక్రు పదహారేళ్ళుగా రోజుకూలీ మీద అటెండరు. అడ్డం తిరిగిన దూడని మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగిన మనిషి. ఎద్దు పుండులో పురుగులు ఏరేసి, చేతులు కడుక్కుని, అక్కడే అంబలి తాగిన మనిషి. అలాంటివాడికి రోత పుట్టింది ఒక్కసారే, అదీ ఒక సోఫా వల్ల.

తొంభై ఎనిమిదిలో కొత్తగా వచ్చిన ఆఫీసరుగారి బంగళాలో ఎలుకలు పడ్డాయి. సుక్రు తన ఇంటి పిల్లి పెట్టిన కూనల్లో ఒకదాన్ని తెచ్చి ఇచ్చాడు. ఊరికే ఇవ్వలేదు లెండి. అతన్ని పర్మినెంటు చేసే కాగితం ఆ ఆఫీసరుగారి బల్ల మీదే ఉంది. ఏడాది తిరిగేసరికి పిల్లి బంగళాలో ఎలుకన్నది లేకుండా చేసింది. ఆ తర్వాత విశాఖపట్నం నుంచి లారీలో ఎర్ర సోఫా వచ్చింది. పిల్లి దాన్ని గీరింది.

"దీని గోళ్ళు తీయించాలి సుక్రూ," అంది ఆఫీసరుగారి భార్య ప్రసన్న.

"దానికేటమ్మా, తీసేద్దుం," అన్నాడు. గోళ్ళు తీయడమంటే కత్తిరించడమే కదా. మంగలి తీస్తాడు, తల్లి పిల్లలకి తీస్తుంది.

ఆసుపత్రిలో డాక్టరు సర్వేశ్వరరావు లావుపాటి పుస్తకం తెరిచి బొమ్మ చూపించాడు.

"కత్తిరిస్తే మళ్ళీ వస్తాయి. ఆవిడ అడిగేది మళ్ళీ రాకుండా. అంటే గోరున్న కణుపు ఎముకతో సహా కొయ్యాలి. ముందు కాళ్ళవి పది. నాకూ రోతగానే ఉంది, కానీ పెద్దవాళ్ళతో పని. పిల్లి నీకు మాలిమి, నువ్వే పట్టుకోవాలి."

సుక్రు బయటికెళ్ళి ఉమ్మాడు. ఆ రోత ఉమ్మితే పోలేదు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే. ఎలుకలు ఉన్నన్నాళ్ళూ ఆ గోళ్ళే ముద్దొచ్చాయి.

మర్నాడు పొద్దున్న ప్రసన్న వరండాలో బెండకాయలు చూస్తోంది. కొస పుటుక్కున విరిగితే లేతది, విరక్కపోతే ముదురు. సుక్రు ఒక కాయ తీసి కొస విరిచాడు.

"మీరు సెప్పిన పని ఇదమ్మా. గోరు కాదు, ఏలు కొస. అలాటివి పది."

ఆవిడ ఇంకో కాయ కొస విరిచింది. "మత్తిస్తారుగా, దానికేం తెలుస్తుంది? ఇలాంటి సోఫా మళ్ళీ దొరకదు. తీసేయ్."

చీము పట్టిన గిట్టని చూసినా కలగని అసహ్యం ఆ చేతుల్ని చూస్తే కలిగింది. కాగితం కోసం ఇంటి కూనని ఈ చేతుల్లో పెట్టినందుకు తన మీదా కలిగింది.

"తీసేత్తానమ్మా," అన్నాడు.

పిల్లిని గోనెసంచిలో వేసుకుని, ఆసుపత్రి ముందు నుంచే నడిచి, సర్వీసు జీపెక్కి తన ఊరు పోయాడు. తీయడమంటే అదీ తీయడమే. కాగితం ఇక కదలదని జీపులోనే తెలుసు.

ఇంట్లో రాగులు పోసే చోళ్ళ గాదె దగ్గర సంచి విప్పాడు. దారి పొడుగునా బెదిరి గీరిన పిల్లి గాదె కిందకి దూరింది. అతని భార్య చిన్నమ్మలు పరుగున వచ్చింది.

"ఏటి, ఇంత బేగి వచ్చేసినావు? అయ్యగోరు సంతకం ఎట్టీసినారా?"

సుక్రు నెత్తురు చారలున్న ముంజేయి చాపాడు.

"ఇదొక్కటే ఎట్టింది," అన్నాడు, గాదె కిందకి చూపించి.