చెవి కింది నుంచి వేలి కొసల దాకా

మా పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు గోపాల్‌పేట సంతలో అందింది. తెచ్చినవాడితో తగువు పెట్టుకున్నాను, నిన్న గంజి తాగిన మనిషి ఇవాళ ఎట్లా పోతుందని. 

ఆమెను మీలో చాలామంది ఎరుగుదురు. తేలు కుట్టినవాళ్లు పరుగెత్తే గడప ఆమెదే. మంత్రం చదువుతూ తొడ నుంచి కిందికి వేపమండతో దువ్వి "ఏడిదాక దిగింది బిడ్డా?" అని అడిగేది. విషం గోటిదాకా దిగిందని వాళ్లు అనగానే దాన్ని పారబోసినట్టు చెయ్యి విదిలించేది. మూఢనమ్మకాల మీద కరపత్రాలు చదివిన నేను ఇదంతా మోసమని ఆమె వాకిట్లోనే వాదించేవాణ్ణి.

"కావొచ్చురా. నీ కాయితం జర వాని కాలికి కట్టి సూడు, తగ్గుతదేమో" అనేది.

పోయిన ఏడు ఆమె బుగ్గలో, పొగాకు పెట్టుకునే చోట, పుండు లేచింది. కొన్నాళ్లకు దవడ కింద గడ్డ కట్టింది. ఇల్లంతా సంబరపడింది. "కిందికి దిగుతున్నది, ఇగ పోతది" అని పెద్దమ్మే చెప్పింది. నేను అరిచి, అలిగి, పట్నం దవాఖానకు తీసుకుపోయాను.

డాక్టరు మెడ తడిమాడు. ఇది రాచపుండు, అంటే క్యాన్సరు, మెడలోని గ్రంథుల్లోకి, ఆ బిళ్లల్లోకి పాకింది, దిగడమంటే ముదరడమే అన్నాడు. బుగ్గ, దవడ ఎముకలో ముక్క, ఆ పక్క బిళ్లలు అన్నీ ఒకేసారి కోసి తీయాలట. అయినా మళ్లీ రాదని చెప్పలేడట.

"నువ్వేమంటవురా?" అంది పెద్దమ్మ. కోయించుకొమ్మన్నాను.

"ఎందరో నా మాట నమ్మి కాలు సాపిన్రు. నేను నీ మాట నమ్ముత."

కోత మానింది. మెడ ఒక పక్కకు గుంజింది, మాట ముద్దగా వచ్చేది. కానీ నొప్పి తగ్గింది, కోడళ్ల మీద కేకలు మళ్లీ మొదలయ్యాయి. "మీ డాక్టరు గొంగడి కుట్టినట్టు కుట్టిండు" అని నవ్వించింది. ఆ ఎండాకాలమంతా నేను గెలిచినవాడిలా తిరిగాను. వానలు పడేసరికి భుజం దగ్గర మళ్లీ గడ్డ. ఇక కోయడానికి లేదన్నాడు డాక్టరు.

కోయించకుంటే ముందే పోయేదా? ఇంత బాధ లేకుండా పోయేదా? ఆ ఎండాకాలాన్ని ఇచ్చింది కత్తేనా? నా కరపత్రాల్లో జవాబు లేదు. మంత్రం అబద్ధమని ఇప్పటికీ అంటాను. ఆమె చేతి కింద ఏడుపు ఆపినవాళ్లనూ చూశాను. ఎవరి మీద కోపపడాలో తెలియడం లేదు.

చివరిసారి చూసినప్పుడు మంచం మీద కూర్చుని, కుడిచేత్తో తనను తానే దువ్వుకుంటోంది. చెవి కింది నుంచి, కుట్ల మీదుగా, భుజం, మోచెయ్యి.

"ఏడిదాక దిగింది పెద్దమ్మా?" అన్నాను.

పెద్దమ్మ వేలి కొసల దగ్గర చెయ్యి విదిలించి, మళ్లీ చెవి కింది నుంచి మొదలుపెట్టింది.