స్విచ్చి లేని గది

నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక. మధ్యాహ్నం పేపరు చదవడం ఒక్కటే నా సరదా. దాన్ని కూడా నా కొడుకు చెడగొట్టాడు.

వాడికి నరసరావుపేటలో కరెంటు సామాన్ల కొట్టు ఉంది. కిందటేడు నా గదిలో స్విచ్చిలన్నీ పీకించి కొత్తరకం లైట్లు బిగించాడు. వాటి వెలుగు మన కంటికి తెలియనంత వేగంగా అదురుతుందట. ఆ అదురులోనే ఒక్కో లైటు తన గుర్తు చెబుతుందట. కిటికీ పక్కన గోడకు చిన్న నల్లటి కన్ను పెట్టారు. ఏ లైటు నుంచి ఎంత వెలుగు వస్తున్నదో అది కనిపెట్టి, చాలనుకుంటే తగ్గించేస్తుంది. చదివేది నేను, చాలనేది అది! కిటికీలో ఎండ పడగానే లైట్లు దిగిపోయేవి. మూలన మంచం మీద నాకు హెడ్డింగులు తప్ప ఒక్క ముక్క కనపడేది కాదు.

"ఒరేయ్, నాకో స్విచ్చి పెట్టించరా."

"కళ్ళజోడు మార్చుకోవే అమ్మా. బేరాలకి చూపించే గది ఇది. స్విచ్చి ఉంటే ఇంక గొప్పేముంది?"

పడుకునేది నేను, గది వాడి బేరాలదట.

దసరాకు ఇంట్లో మిషన్లన్నిటికీ పసుపు, కుంకుమ పెట్టాను. గ్రైండరు, మోటారు, వాడి బండి. ఆ కన్నును మాత్రం ఎందుకు వదలాలి? నిండుగా పెట్టాను. గది చీకటైందనుకున్నదేమో, లైట్లన్నీ పెళ్ళిపందిట్లోలాగా వెలిగాయి. ఆ రోజు పేపరు చివరిదాకా చదివాను.

మర్నాడు మధ్యాహ్నం వాడు వినుకొండలో ఇల్లు కట్టుకుంటున్న ఒకాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. చూస్తే లైట్లు తగ్గడం లేదు.

"ఏందమ్మా ఇది! సెన్సరుకి బొట్టేందే?"

"నీ బండికి పెడితే కళ్ళకద్దుకున్నావు గదరా. దీనికి పెడితే పాపమా?"

వచ్చినాయన నవ్వాడు. మావాడు జేబురుమాలతో బొట్టు తుడిచేశాడు. లైట్లు దిగిపోయాయి.

"చూశారా, ఎంత తెలివో!" అన్నాడు ఆయనతో.

నాకు ఒళ్ళు మండింది. పేపరు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. "ఆ మంచం మీద కూర్చుని చదువు నాయనా."

ఆయన కూర్చున్నాడు. పేపరు దగ్గరగా జరుపుకున్నాడు, దూరంగా పెట్టి చూశాడు.

"కష్టంగానే ఉందమ్మా." మావాడి వైపు తిరిగాడు. "ఏమండీ, మా ఇంట్లో స్విచ్చి కూడా పెడతారా?"

"అంతకన్నానా! తప్పకుండా పెడతామండీ," అన్నాడు నా కొడుకు, తేనె కారే గొంతుతో.

ఏడాది పొడుగునా నన్ను కళ్ళజోడు మార్చుకోమన్న నోరే అది!

సాయంత్రం నా గదికీ ఒక స్విచ్చి తెచ్చాడు. "ఎక్కడ పెట్టమంటావే?" అన్నాడు. మంచం పక్కన, చెయ్యి అందే చోటు చూపించాను. ఇప్పటికీ ఆ స్విచ్చి వేసినప్పుడల్లా వినుకొండాయన్నే తలుచుకుంటాను, కొడుకును కాదు.