ఇనుప కన్ను

డెబ్బైల్లో పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులు. మా ఆయన ఒకదాంట్లో వెల్డర్. వెలుగు కంట్లో పడకుండా అడ్డం పెట్టుకునే నల్లద్దం ఇద్దరు వెల్డర్లకు ఒకటే ఇచ్చేవాడు ఆ దిక్కుమాలిన సూపర్‌వైజర్. అద్దం దొరకని రోజు మా ఆయన ఎడమ కన్ను మూసుకుని, కుడి కంటితో చూస్తూ అతుకు వేసేవాడు. సాయంత్రానికి కంట్లో ఇసుక పోసినట్టు మంట. మా అత్త నన్ను పిలిచి, చంటిదానికిచ్చే పాలు నాలుగు చుక్కలు ఆ కంట్లో పిండించేది. వెల్డర్ల ఇళ్లన్నిటా అదే మందు. తెల్లారేసరికి మంట తగ్గేది, మళ్లీ డ్యూటీ. నయమైందనుకునేవాళ్లం. ఆ తెలివికి ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

చంటిది ఇంకా పాకుతున్న రోజుల్లో సంగారెడ్డిలో ఆరోగ్య ప్రదర్శన పెట్టారు. మనుషులు లోపలికి నడిచి వెళ్లేంత పెద్ద కన్ను కట్టారు. దాని ఇనుప చట్రం పని వాళ్ల ఫ్యాక్టరీకే వచ్చింది. అతికింది మా ఆయనే, రెండు వారాలు, అద్దం లేకుండా. కనుపాప ఉండేచోట ఒక భూతద్దం, లోపల చీకటి, వెనక తెల్లగుడ్డ. బయట ఎండలో నిలబడ్డవాళ్లు ఆ గుడ్డమీద తలకిందులుగా కనిపిస్తారు.

తాను చేసిన కన్ను అని మమ్మల్ని గొప్పగా తీసుకెళ్లాడు. పెద్దపిల్ల బయట నిలబడి చేతులూపుతోంది. లోపల వివరాలు చెప్పే ఆయన, "ఎడమ కన్ను మూసి చూడండి, ఏం కనిపిస్తోంది?" అని మా ఆయనను అడిగాడు. సూపర్‌వైజర్ మా వెనకే ఉన్నాడు.

మా ఆయన గుడ్డవైపు మెడ చాచి, "చెట్టు" అన్నాడు.

గుడ్డమీద చెట్టు లేదు. ఎర్ర గౌనులో నా బిడ్డ ఉంది. అందరూ నవ్వారు.

అంతలో పిల్ల పరుగున వచ్చి, "నాయినా, నేను కనబడ్డనా?" అంది.

"మంచిగ కనబడ్డవ్ బిడ్డా" అన్నాడు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఊకోవే, నౌకరి పోతది" అని గొణిగాడు.

నేనెందుకు ఊకుంటాను?

"ఏం కనబడలె సారూ! ఈ ఇనుప కన్ను కోసం ఆయన కన్ను తిన్నవ్. ఇంకో అద్దం ఇస్తే నీ అయ్య సొమ్మేం పోతుండె?" అని సూపర్‌వైజర్ మీద అందరి ముందూ అరిచాను.

వారంలో నౌకరి ఊడింది. కంటి డాక్టరు చూసి, వెల్డింగ్ వెలుగుకు లోపలి పొర కాలిపోయిందని, ఇక ఆ చూపు రాదని చెప్పాడు. మా ఆయన నెలరోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే మానె. ఆ నెలలోనే చంటిది నడక నేర్చింది. గడప పట్టుకుని ఆయన దగ్గరికి తప్పటడుగులు వేస్తుంటే, మిగిలిన ఆ కంటితో చూశాడు.