అంగారకుడి నేల మీద నల్ల పట్టీలు

మొన్న ఆదివారం ప్రార్థన ముగిశాక మలేసియాలో, బంటింగ్‌లోని మా ఇంటికి భోజనానికి వచ్చిన పెద్దకొడుకు, కంప్యూటర్లో అంగారకుడి నేల చూస్తూ కూర్చున్న నన్ను పట్టుకుని, "మార్సులో నీకేటి పనమ్మా? కళ్ళు పోతాయి, ఆపీ లా" అన్నాడు, ఇక్కడందరికీ అలవాటైన ఆ 'లా' చివర తగిలించి. ఇంటిల్లిపాదీ నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

మన ఈడు వాళ్ళకు చెబితే అర్థమవుతుంది. బటాంగ్ బెర్జుంటై దగ్గర రబ్బరు ఎస్టేటులో మా అమ్మ చెట్లు గీసి పాలు తీసేది. కిరాణి అని మేం పిలిచే గుమాస్తా గదిలో గోడకు ఎస్టేటు పటం వేలాడేది. అందులో కూలీలకు వరసగా కట్టిన లైను ఇళ్ళలో మాది ఎక్కడుందో చూడాలని నాకు చెప్పలేనంత ఆశ. అమ్మ పాలు తూకం వేయిస్తుండగా ఒకసారి గుమ్మం దాటి పటం ముందు నిలబడ్డానో లేదో, ఆయన నన్ను బయటికి గెంటేశాడు. అందుకు శిక్షగా మర్నాటి నుంచి అమ్మకు ఇంటి దగ్గర చదును నేలలోని చెట్ల వరుసలు పోయి, గుట్టమీది జారుడు వరుసలు వచ్చాయి. పాపం అమ్మ నన్ను కొట్టలేదు, "మనది కాని జాగా వైపు సూడకు" అని మాత్రం చెప్పింది.

పెద్దయ్యాక ఏళ్ళ తరబడి చేసిన ఫ్యాక్టరీ పని మానేశాక, గ్రహాల ఫోటోలను ఇంటర్నెట్లో ఎవరైనా ఉచితంగా చూసుకునేలా పెట్టారని మా అమ్మాయి చూపించింది. అంతరిక్ష నౌకలు తీసినవి పొడవాటి పట్టీలుగా పక్కపక్కన పరిచి ఉంటాయి, నడుమ అక్కడక్కడ నల్లటి ఖాళీలు. అవి నాబోటివాళ్ళు చూడకూడని జాగాలనుకుని, చాలాకాలం వాటి దాకా వెళ్ళి బుద్ధిగా వెనక్కి తిరిగేదాన్ని. ఒక లోయ సగంలో తెగిపోయినా ఎవరినీ అడగలేదు. చివరికి అమ్మాయే గమనించి, "ఎవులూ అడ్డం కట్నేదమ్మా, ఆ రోజు అక్కడ ఫోటో తియ్యనేదు, అంతే లా. ఇంకోరోజు తీసింది తెరిసి సూడు" అంది. తెరిచాను. మిగతా లోయ, దాని అడుగున ఇసుక దిబ్బలతో సహా, నా ఎదుట ఉంది. ఏడుపొచ్చింది, ఆ వెంటనే ఆ కిరాణి మీద పట్టరాని కోపమూ వచ్చింది.

ఇప్పుడా ఎస్టేటంతా ఆయిల్ పామ్. లైను ఇళ్ళూ లేవు, గుమాస్తా గదీ లేదు. నా పిల్లలను ఏ గుమ్మం దగ్గరా ఎవరూ గెంటరు, అందుకు దేవుడికి స్తోత్రం. అయితే అన్నీ తెరిచిపెట్టిన ఈ రోజుల్లో, తొంగిచూడాలన్న ఆశే వాళ్ళకు లేకుండా పోయింది, అది తలుచుకుంటే దిగులేస్తుంది. ఒక్క చూపు కోసం అంత పోగొట్టుకున్న మనవాళ్ళం ఒక్కొక్కరమే వెళ్ళిపోతున్నాం. నేనున్నన్నాళ్ళూ మాత్రం చూస్తూనే ఉంటాను, వద్దనే హక్కు కన్నకొడుక్కైనా ఇవ్వను.