జెండా కట్టని పాట

సాయంత్రం టీ తాగుతుంటే గూట్లో బోర్లించిన స్టీలు గ్లాసులు వాటంతటవే గలగలమన్నాయి. భూకంపం కాదు. మా ప్రొద్దుటూరులో పెండ్లి మెరవణి వస్తోందంటే మనుషుల కంటే ముందు డీజే పెట్టెల దరువు ఇంట్లోకొస్తుంది. కిటికీ అద్దం వణుకుతుంది, గుండె తన వేగం మరిచి ఆ దరువు వేగం అందుకుంటుంది. కాసేపటికి దరువు కిందనుంచి పాట తేలింది. 'దూరమెంతో సెప్పాకు, దోవ జూపు సాలు.' మా యేసురత్నం సారు పాట. ఎవరో దాన్ని రెండింతల వేగంతో పరుగెత్తించి, మధ్యలో పలక డప్పులు దూర్చి, సారు గొంతును ముక్కలు ముక్కలు చేసి 'దూ దూ దూ దూరమెంతో' అనిపిస్తున్నారు. నాకు టీ చేదెక్కింది. సారు పోయి ఏండ్లయింది. ఆయన పాట మాత్రం వారానికొకసారి మా సందులోకి వచ్చి నన్ను పలకరించి పోతుంది. పోయినవాళ్ళ మీద అసూయ పడకూడదంటారు. ఆ మాట అన్నవాళ్ళకు యేసురత్నం సారుతో పరిచయం ఉన్నట్టు లేదు.

నాకు పాట కట్టడం నేర్పింది ఆయనే. జమ్మలమడుగులో పంతులుగా చేసి రిటైరయ్యారు. వాళ్ళ పెద్దలు దొరల కాలంలో మిషనులో కలిసినవాళ్ళు. ఆదివారం చర్చిలో హార్మోనియం ఆయనదే, మిగతా రోజుల్లో అదే హార్మోనియం ఇంటి వసారాలో ఉండేది. నేను పక్క పల్లెలో చెక్కభజన నేర్పే గురువు కొడుకును. చేతుల్లో చెక్కలు మోగిస్తూ గుండ్రంగా తిరిగి ఆడే భజన అది. తాళం కాళ్ళలోనే ఉంది కాబట్టి నాకు సంగీతం వచ్చనుకునేవాణ్ణి. మొదటి రోజు గొంతు చించుకుని పాడితే సారు చివరిదాకా విని, "బాగుండాది ఓబులేసా. ఇప్పుడు నీది కానిది పాడు" అన్నారు. నాకర్థం కాలేదు. ఎదురింట్లో ఒకామె బియ్యం చెరుగుతూ ఏదో కూనిరాగం తీస్తోంది. "పోయి ఆయమ్మను అడిగి, ఇనుకొని రా. నీ చెక్కల తాళంలో పెట్టు. అప్పుడు ఏమయితాదో సూద్దాం." పోయి విన్నాను. తాళంలో పెట్టాను. ఏమైందో చెప్పలేను గానీ, ఆ పూట నుంచి నేను ఆయన్ను వదల్లేదు.

ఆయనకు వాళ్ళ జేజి, అంటే నాయనమ్మ, కథ ఒకటి ఉండేది. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చెప్పేవారు. "తెల్లదొరసాని నేర్పిన కీర్తన మా జేజికి నోరు తిరగల్యా. కలుపు తీసేటప్పుడు పాడుకుంటారు సూడు, ఆ వరసలోకి తిప్పేసింది. దొరసానికి శానా కోపమొచ్చిందంట. రొన్నాళ్ళకు చర్చంతా జేజి వరసే పాడినారు, ఆఖరికి దొరసాని గూడా. మీరిప్పుడు రీమిక్సు రీమిక్సు అని ఎగురుతాండారు గానీ, అది మా జేజి కలుపు మడి కాడ్నే చేసి పారేసింది." అందరూ నవ్వేవారు. జేజిని తలుచుకుని సారు అందరికంటే ఎక్కువ నవ్వేవారు.

నా జన్మలో నాకు తగిలిన గొప్ప వరస ఒక్కటే. అది తగిలినప్పుడు నాకే తెలిసింది. జమ్మలమడుగుకు పోయి వసారాలో కూర్చొని మాటల్లేకుండా పాడి వినిపించాను. సారు చేయి హార్మోనియం మీద ఆగిపోయింది. తర్వాత, "ఈ పొద్దు నాకు నీ మీద రొంత కుళ్ళు పుట్టిందిరా" అన్నారు. అంత నేరుగా అసూయను ఒప్పుకున్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. దాచుకోవాల్సిందని నేననుకునే గుణాన్ని ఆయన పండు కోసి చేతిలో పెట్టినట్టు పెట్టారు. ఆ ఒక్కరోజు మాత్రం ఆయన కుళ్ళుకున్నారు, నేను పండగ చేసుకున్నాను. మిగిలిన జీవితమంతా వ్యవహారం తిరగబడింది.

ఎన్నికలొచ్చాయి. ఒక పార్టీవాళ్ళు నా వరస విని ఎగిరి గంతేశారు. అభ్యర్థి పేరు పెట్టి మాటలు రాయించి, ప్రొద్దుటూరులో నేను పెట్టుకున్న చిన్న స్టూడియోలోనే డబ్బిచ్చి రికార్డు చేయించారు. పులివెందులలో ప్రచారం బండి మీద కూర్చోబెట్టి, శాలువా కప్పి, ఊరంతా తిప్పారు. మిద్దెల మీద ఆడవాళ్ళు, రోడ్డు మీద మగవాళ్ళు, అందరి నోటా నా వరసే. ఆ మధ్యాహ్నం నేను మనిషిని కాను. జమ్మలమడుగు పోయి సారుకు చెబితే ఆయన సంతోషించలేదు. "పాటకు జెండా కట్టినావు గదరా. రేపు జెండా దించితే పాటను యాడ తగిలిస్తావు?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. "మీకు కుళ్ళు సారూ" అన్నాను. "ఉండాదని ముందే సెప్పినా గదా" అని నవ్వి, కాఫీ పెట్టమని లోపలికి కేకేశారు.

మా పక్క సంగతి బయటివాళ్ళకు కొంచెం చెప్పాలి. ఫ్యాక్షన్ ఉన్న పల్లెల్లో టీకొట్టుకూ పార్టీ ఉంటుంది. మంగలి వేరు, కిరాణం వేరు. ఒక వర్గం మనిషి ఎండకు సొమ్మసిల్లినా ఎదుటి వర్గం అరుగు మీద కూలబడడు. అలాంటి చోట పాటకు మాత్రం పార్టీ అంటకుండా ఉంటుందా? ఆ ఎన్నికల్లో మావాళ్ళు ఓడిపోయారు. కొన్నాళ్ళకు ఎర్రగుంట్లలో ఒక పెండ్లికి పోయాను. బంతి భోజనాలు సాగుతున్నాయి. బ్యాండు మేస్త్రి దూరపు ఊరివాడు, పాపం, పార్టీలూ పాడూ ఎరగనివాడు. మంచి వరస కదా అని నాది ఎత్తుకున్నాడు. పెండ్లికూతురు నాయన ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాడు. "ఎవుడ్రా ఆ పాట ఏసింది? నా బిడ్డ పెండ్లిలో వాళ్ళ పాటనా?" బంతి మొత్తం విస్తళ్ళ ముందు నుంచి లేచింది. డోలు చర్మం చీలింది. నా విస్తట్లో అప్పుడే ఓళిగ, అదే బొబ్బట్టు, పడింది. ఆ పాట కట్టింది నేనేనని ఎవరికైనా గుర్తొస్తుందేమోనని, ఓళిగను మడిచి నోట్లో కుక్కుకుని గోడవారగా బయటపడ్డాను. గెలిచినవాళ్ళు నా పాటను రానివ్వరు. ఓడినవాళ్ళకు అది ఓటమిని గుర్తుచేస్తుంది. నా బిడ్డలాంటి వరస బతికుండగానే దానికి ఊళ్ళో నిలువ నీడ లేకుండా పోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే సారు ఆ 'దూరమెంతో' పాట కట్టారు. చెక్కలు మోగించడానికి నన్నే పిలిచారు. రికార్డు చేశాక అమ్మలేదు. ప్రొద్దుటూరులో ఇంటర్నెట్ సెంటరుకు వచ్చి, పొద్దుననగా కూర్చొని, నత్తనడక నెట్టుతో దాన్ని ఆన్‌లైన్లో పెట్టించారు. పాట ఒక్కటే అయితే నేనూ ఊరుకునేవాణ్ణి. గొంతు వేరుగా, హార్మోనియం వేరుగా, చెక్కలు వేరుగా, దేనికది విడదీసి పెట్టారు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అడగాల్సిన పని లేదని కింద రాయించారు. నేను తట్టుకోలేకపోయాను.

"తేరగా వచ్చినదానికి విలువేముంటాది సారూ?" అన్నాను.

"నువ్వు అమ్మినావు గదా, నీదానికి ఎంత విలువుండాది?"

"అది రాజకీయం సారూ."

"ఇదీ అంతే. నేను ఎవురి పార్టీనో తెలీకుండా ఉండాలంటే అందరికీ ఇయ్యాల. ఒగరికిస్తే ఇంకొగరి పగ. దాచిపెట్టుకుంటే నా పాట నాకే పగ."

తర్వాత జరిగింది చెప్పాలంటే ఇప్పటికీ కడుపులో మంటే. సెల్‌ఫోన్ల అంగళ్ళలో మెమరీ కార్డుల్లోకి పాటలు ఎక్కించే కాలం అది. సారు పాట అక్కడినుంచి షేర్ ఆటోల్లోకి, ట్రాక్టర్లలోకి పాకింది. మా పక్కనున్న ఖాజీపేట కోలాటం ఆడవాళ్ళు దాన్ని తిప్పుకున్నారు. పీర్ల పండగ డప్పుల్లోకి పోయింది. చర్చిలో క్రిస్మస్ పాటయింది. రెండు పార్టీలవాళ్ళూ ఎవరి మాటలు వాళ్ళు పెట్టుకున్నారు. నా స్టూడియోకే వచ్చి, "ఓబులేసన్నా, సారు పాట మీద మా మాటలు పాడియ్యి" అనేవారు. పాడించేవాణ్ణి. ఒక్కొక్క రీమిక్సు నా చేతుల మీదుగానే పుట్టింది. సవతి బిడ్డకు నలుగు పెట్టినట్టు ఉండేది నాకు.

ఒక మధ్యాహ్నం నేను సారు వసారాలో ఉండగా సుమో వచ్చి ఆగింది. ఒక నాయకుని అనుచరుడు, వెంట ఇద్దరు. అతని నడుము దగ్గర చొక్కా ఎత్తుగా ఉంది. ఏముందో మా ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. "సారూ, మీ పాట వాళ్ళు గూడా ఏస్తాండారు. మావానికి మంచిగా అనిపించల్యా. ఈ పాట మాకొక్కరికే అని నలుగురిలో ఒగ మాట సెప్పండి" అన్నాడు. ఔనంటే ఎదుటివాళ్ళు రేపు వస్తారు. కాదంటే వీళ్ళు ఇప్పుడే ఉన్నారు. సారు అతనికి కుర్చీ వేసి, "మీకిచ్చినా గదప్పా" అన్నారు. "ముందే ఇచ్చినా. వాళ్ళకీ ఇచ్చినా. ఇచ్చేసింది మళ్ళ నీకొక్కనికే ఎట్ల ఇచ్చేది? రొంత సేపు ఇని పో." ఫోను తీసి ఒకటొకటే వినిపించారు. కోలాటం, పీర్ల డప్పులు, క్రిస్మస్, ఎదుటి పార్టీ, వీళ్ళ పార్టీ. ఎదుటి పార్టీది వచ్చినప్పుడు అతని దవడ బిగిసింది. ఆ తర్వాత ఏదో పెండ్లి రీమిక్సు మోగింది. అతను ముందుకు వంగాడు. "ఇది మా తమ్ముని మెరవణిలో ఏసింది గదా! దీనికి మా నాయన గూడా ఎగిరినాడు సారూ." "మరి ఎవుర్ని ఆపమంటావు నాయనా? మీ నాయన్నా?" అతను నవ్వాపుకోలేకపోయాడు. కాఫీ తాగి వెళ్ళాడు. సుమో మలుపు తిరిగాక సారు లేచి వాకిలి తలుపు గడియ పెట్టి వచ్చారు. నేను కూడా భయపడుతూనే, సిగ్గు లేకుండా, ఒకటే అనుకున్నాను: నా పాట కోసం ఇంతవరకూ ఎవరూ సుమో ఎక్కి రాలేదు.

ఆ రోజే సారు అడిగారు. "నీ వరస నాదానికంటే మేలైందిరా. ఆ పార్టీ మాటలు తీసేసి, ఉత్త వరస విప్పి వదిలిపెట్టు. పదిమంది చేతులు పడితే జెండా రంగు ఊడిపోతాది." నాదే మేలని ఆయన జాలిపడి అన్నారా, నిజంగానే అన్నారా? ఆ అనుమానం నన్ను ఇప్పటికీ తింటుంది. "సూద్దాం సారూ" అని లేచి వచ్చేశాను.

సారు పోయినప్పుడు జమ్మలమడుగు క్రైస్తవుల శ్మశానంలో రెండు పార్టీలవాళ్ళూ రెండు వైపులా నిలబడ్డారు, ఒకరి మొహాలొకరు చూడకుండా. చర్చివాళ్ళు 'దూరమెంతో' అందుకున్నారు. ఇటువాళ్ళు కలిపారు, అటువాళ్ళూ కలిపారు. ఎవరికొచ్చిన మాటలు వాళ్ళవి. 'దోవ జూపు సాలు' దగ్గర మాత్రం అందరి నోళ్ళూ కలిశాయి. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. మా గురువు పోయారని సగం. నేను పోయినప్పుడు ఎవరేం పాడతారని సగం.

ఆ తర్వాతే నా వరసను ఆయన చెప్పినట్టు విప్పి ఆన్‌లైన్లో పెట్టాను. మాటల్లేవు, పార్టీ లేదు, గుర్తుపడతారని నా పేరు కూడా పెట్టలేదు. ఏండ్ల తరబడి ఎవరూ ముట్టుకోలేదు. చూసుకుని చూసుకుని చూడడం మానేశాను.

ఈ సాయంత్రం సారు పాట అయిపోయి మెరవణి మా వాకిట్లోకి వచ్చింది. నేనూ బయటికొచ్చి నిలబడ్డాను. పక్కింటి బాషా వాళ్ళ మెట్ల మీద ఉన్నాడు. డీజే తర్వాతి పాట వేశాడు. మొదటి దరువుకే నా కాళ్ళకు తెలిసింది, తర్వాత చెవులకు తెలిసింది. నాదే. వేంపల్లె డీజే ఎవడో మధ్యమధ్యలో తన పేరు అరుచుకుంటున్నాడు. వేగం పెంచాడు, కింద ఏవో మోతలు కలిపాడు. అయినా నాదే. పెండ్లికారు ముందు ఎదుటి పార్టీ జెండా రెపరెపలాడుతోంది. కారు ముందు తువ్వాలు ఎగరేస్తూ ఒక ముసలాయన చిందేస్తున్నాడు. ఎర్రగుంట్లలో ఆ రోజు ఎంగిలి చేత్తో లేచిన పెండ్లికూతురు నాయన. మనవని పెండ్లి కాబోలు. అది ఆనాటి పాటేనని పోల్చుకోలేక, నా వరసకు ఆయన మోకాళ్ళ నొప్పి మరిచి ఎగురుతున్నాడు.

బాషా నా వైపు వంగి అరిచాడు. "బలే ఉండాదే! ఎవురిదన్నా ఈ పాట?"

నోరు తెరిచాను. నాది అని ఒక్క మాట చాలు. ఆ మాట నలుగురి నోళ్ళలో పడి ముసలాయన చెవికి చేరుతుంది. ఆయనకు ఆ శాలువా గుర్తొస్తుంది, ఆ ప్రచారం బండి గుర్తొస్తుంది, తువ్వాలు కిందికి దిగుతుంది. నేను నోరు తెరిచే ఉన్నాను. బాషాకే ఓపిక లేకపోయింది.

"యేసురత్నం సారుదే అయ్యుంటాది లే. ఆ సారుకు తప్ప ఇట్లాటివి ఎవురికొస్తాయి?"

అక్కడ కూడా ఆయనే.

"ఔనప్పా," అన్నాను. "సారుదే."