లెక్కలోంచి తీసేసిన ఆవు

మొన్న సోమవారం నన్ను టీమ్ లీడ్‌ను చేశారు. ఈ మాట ఎంతమందికి చెప్పినా నాకు తనివి తీరడం లేదు. మా ఇంటి పేరున్న వాళ్లలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేనే కదా, అందుకని కుప్పం బస్సులో పక్క సీట్లో కూర్చున్న ఆవిడకు కూడా చెప్పేశాను. ఆ సంబరంలో ఉండగానే నిన్న ఆఫీసులో, కలికిరి నుంచి కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి తన ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. తెర మీద, పశువుకొకటిగా పెట్టిన చుక్కలన్నీ ఒకచోట గుమిగూడి ఉంటే, వాటికి దూరంగా కింద విడిగా పడి ఉన్న నాలుగు చుక్కల మీద వేలు పెట్టి, "ఎవురో తప్పు కొట్టినట్టుండారు మేడం, ఇవి తీసేస్తా" అంది.

నా ఒళ్లు మండిపోయింది. ఆ పిల్ల మీద కాదు. ఏడేళ్ల కిందట అలాంటి చుక్కల్నే తీసేసిన నా మీద, నాతో తీయించిన వాళ్ల మీద.

మాది పుంగనూరు పక్కన పల్లె. మదనపల్లె కాలేజీకి రోజూ బస్సులో, టమోటా పెట్టెల మధ్య ఒంటికాలి మీద నిలబడి పోయి వచ్చినదాన్ని. మీలోనూ అలా చదువుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. బస్సు వేళకు మా మేనత్త గ్లాసుతో పాలు పట్టుకుని వాకిట్లో నిలబడేది. ఆమెది పొట్టి పుంగనూరు ఆవు, నా నడుము దాకా కూడా వచ్చేది కాదు, ఈగ వాలినా తోకతో నేల తుడిచేది. ఆ పాలు తాగే నేను డేటా సైంటిస్టునయ్యాను. మా నాయన ఊళ్లో చివరి సగం మాత్రమే చెప్పుకున్నాడు గనుక, రాకెట్ ఎప్పుడు వదులుతావని చాన్నాళ్లు అడిగారు.

మొదటి ఉద్యోగం కుప్పంలో, ఇప్పుడున్న ఈ ఆఫీసులోనే. రైతు తన పశువు ఫోటో తీసి పంపితే అది ఆవో దూడో, వయసెంతో యాప్ పసిగడుతుంది, అవసరమైతే డాక్టరును ఇంటికే పంపిస్తుంది. దానికి నేర్పడం కోసం పల్లెల్లో కొలిచి తెచ్చిన పశువుల వివరాల్లో తప్పులేరడం నా పని. చేరిన రెండో వారంలోనే మూడడుగుల ఎత్తు లేని ఆవులు కొన్ని కనిపించాయి. పైవూరి నుంచి వచ్చిన మా లీడ్ వాటిని చూసి నవ్వాడు. "ఇంత పొట్టి ఆవేంటి? దూడను కొలిచి ఆవని రాసుంటారు. తీసెయ్."

మా అత్త ఆవు ఇంతే ఉంటుంది సార్ అన్న మాట నా గొంతు దాకా వచ్చింది. కానీ ఆ గదిలో అందరూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నారు, నా బట్టల్లో ఇంకా పేడ వాసన ఉందేమోనని నాకే అనుమానం. మింగేశాను. అన్నీ తీసేశాను. పని శుభ్రంగా చేశానని మెచ్చుకున్నారు, ఆ మెప్పుదల కూడా సిగ్గు లేకుండా ఇంటికి ఫోన్ చేసి చెప్పాను.

ఆ ఎండాకాలం ఒక ఉదయం అత్త ఫోన్ చేసింది. "అమ్మీ, ఆవు తెల్లారినప్పట్నించీ నొప్పులు పడతాండాది. మీ యాప్‌లో ఫోటో పెడితే, ఇది దూడ, దూడకు కాన్పేంది, డాక్టరు రాడంటాండాది. నాలుగు ఈతలు ఈనిన ఆవు మే ఇది! మీ మిషన్‌కు కండ్లు లేవా?"

లీడ్ దగ్గరికి పరిగెత్తాను. తల కూడా ఎత్తకుండా, ఇలాంటివి ఒకటీ అరా వస్తుంటాయి, తర్వాతి వెర్షన్‌లో చూద్దామన్నాడు. మనమే డాక్టరుకు చెబుదామంటే, సిస్టమ్ దాటి అలా చేయకూడదన్నాడు. బ్యాగు తీసుకుని బస్సెక్కాను. పలమనేరులో బస్సు మారి పల్లె చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మామ ఈలోపు మోటార్ సైకిల్ మీద తిరిగి, గంగవరం దగ్గర వేరే పశువును చూస్తున్న డాక్టరును పట్టుకొచ్చాడు. ఆయన చేతులు కడుక్కుంటున్నాడు. ఆవు బతికింది. పెయ్యదూడ గోనెపట్టా మీద ఉంది.

"రెండు గంటలు ముందు పిలిచుంటే దక్కేదమ్మా" అన్నాడు డాక్టరు.

ఆ రెండు గంటలూ ఎలా పోయాయో మామ చెప్పాడు. మా పిల్ల చేసిన యాప్ కదా, సరిగ్గా చూపిస్తే నమ్ముతుందని, నొప్పులు పడుతున్న ఆవును అత్త లేపి నిలబెట్టి, ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, తను పక్కన నిలబడి ఒకటి, మళ్లీ మళ్లీ ఫోటోలు పంపిందట. ప్రతిసారీ దూడ అనే వచ్చిందట.

ఇక దాచలేక, ఆ పొట్టి ఆవుల్ని లెక్కలోంచి తీసేసింది నేనేనని చెప్పాను. అత్త నా వైపు తిరిగింది.

"వాళ్లకు తెలీదు, సరే. నీకు తెలుసు గదా మే. దీని పాలు తాగే గదా బస్సెక్కినావు? సెప్పేకి నీ నోరు యాడబోయింది?"

ఆ తర్వాత ప్రతి ఆదివారం టేపు పట్టుకుని, నేను తీసేసిన ఆవుల ఇళ్లన్నీ తిరిగి, ఒక్కోదాన్నీ కొలిచి, యజమానుల్ని పక్కన నిలబెట్టి ఫోటోలు తీసి లీడ్ బల్ల మీద పెట్టాను. అవి యాప్‌లోకి ఎక్కడానికి ఇంకో ఏడాది పట్టింది. రిపోర్టులో 'ఖచ్చితత్వం మెరుగుపడింది' అని ఒక్క ముక్క రాసుకున్నారు. మా అత్తకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ ముక్క గుర్తొస్తే నాకు ఈరోజుకీ పళ్లు పటపటమంటాయి.

నిన్న ఆ కలికిరి అమ్మాయితో, తీసేసే ముందు వాటిని కొలిచినవాళ్లకు ఫోన్ చేయమన్నాను. సాయంత్రం అత్తకు ప్రమోషన్ సంగతి చెబితే, "సంతోషం అమ్మీ. ఇప్పుడన్నా నోరు తెరస్తాండావా?" అంది.

నా చిన్నప్పుడు సైకిల్ మీద వచ్చే పశువుల కాంపౌండరు, మా వీధి మొదట్లోనే బ్రేకు వేసి, పొట్టిది పాలిస్తోందా అని అత్తను అడిగేవాడు. అది ఆవేనని ఆయనకు ఎవరూ రుజువు చూపించలేదు. ఇప్పుడు మా యాప్ పుంగనూరు ఆవును రెప్పపాటులో గుర్తుపడుతుంది. అత్త ఫోన్లో మాత్రం ఆ యాప్ లేదు. కొట్టం గోడ మీద డాక్టరు నంబరు సున్నంతో పెద్దగా రాసి ఉంటుంది. ఆమె పక్కన నిలబడి ఒక్కో అంకె చెబుతుంటే, రాసింది నేనే.