పొద్దున ఎనిమిదికి కానుగచెట్ల కింద

రిటైరయ్యే ముందు మూడో ఏడు, జూన్ నెలలో, నన్ను పెనుకొండ దగ్గరి ఒక పీజీ కేంద్రానికి సూపరింటెండెంటుగా బదిలీ చేశారు. యూనివర్సిటీ ఆఫీసులో ఏ పనికైనా ముందు నోటు రాసేది సూపరింటెండెంటే. దాని కింద డైరెక్టరుగారు ఆమోదం రాస్తేనే ఫైలు కదులుతుంది.

నేను కాలేజీ గడప తొక్కి చదివినదాన్ని కాదు. నాయన ఇంట్లోనే అక్షరాలు దిద్దించి, పదో తరగతి ప్రైవేటుగా రాయించినాడు. డిగ్రీ దూరవిద్య. ఆ పాటి చదువుకే ఇంత ఉద్యోగమిచ్చిన దేవుడికి దణ్ణం పెట్టుకునే రోజూ ఫైలు తెరిచేదాన్ని. క్లాసు లేని వేళ విద్యార్థులు ఎక్కడుంటారన్నది మాత్రం నాకు తెలియని సంగతి.

ఆ ఏడు తనిఖీ బృందం వస్తుందని తెలిసింది. ఆవరణ అందంగా కనపడాలని, లైబ్రరీ వెనక కానుగచెట్ల కింద పచ్చిక వేసి చుట్టూ కంచె కట్టించాలని డైరెక్టరుగారు అన్నారు. పదకొండు గంటలకు పోయి చూశాను. కట్టడాల్లో మిగిలిన నాపబండలు, రాలిన ఆకులు, అంతే. మనిషి జాడ లేదు. ‘నిరుపయోగ స్థలం’ అని నోటు పెట్టాను. ఆమోదం పడింది.

కంచెకు నాటే రాతి కూసాలు దిగిన రోజు ఒక అమ్మాయి నా బల్ల ముందుకొచ్చింది. పేరు నాగవేణి. ధర్మవరం పిల్ల, ఎమ్మే ఎకనామిక్స్ రెండో ఏడు.

“కంచె ఏస్తే మేం యాడికి పోవల్ల మేడం?”

“లైబ్రరీ ఉంది కదమ్మా.”

“అది పదికి గానీ తెరవరు. మా రైలు ఎనిమిదికే దింపుతాది. ఇంట్లో రెండు మగ్గాలుండాయి. పుస్తకం పడితే మా నాయన కండెలకు దారం చుట్టమంటాడు. నేను చదివేది ఆడ ఆ రెండు గంటలే. పోయినసారి రెండు పేపర్లు పోయినాయి. ఈసారీ పోతే మానిపిస్తామన్నారు. మీరు ఏ పొద్దులో చూసినారో గానీ, ఎనిమిదికి ఒకసారి రాండి.”

మర్నాడు పోయాను. ధర్మవరం రైలు పిల్లలూ హిందూపురం రైలు పిల్లలూ చెట్ల కిందంతా ఉన్నారు. ఒక్కో బండ దగ్గర ఒక్కో పాఠం. చెప్పేదీ విద్యార్థే, వినేదీ విద్యార్థే. నాగవేణి బండ మీద సుద్దముక్కతో డిమాండు గీత గీస్తోంది.

“ఏమే, గ్రాఫు గీస్తాండావా, చీర అంచు గీస్తాండావా?” అంది పక్కనున్న హిందూపురం పిల్ల మంజుల.

“అంచు తప్పితే మా నాయన చీర పోతాది. గ్రాఫు తప్పితే నీ పేపరు పోతాది. నోరు మూసుకోని చూడు.”

నన్ను చూసి లేచారు. మంజుల ఒక బండ మీద ఆకులు తుడిచింది. “కూచోండి మేడం. ఇది ఖాళీనే, దీని మాస్టరుకు ఈ పొద్దు రైలు తప్పింది.”

ఆమోదం పడిన నోటును కొట్టివేయడానికి వీల్లేదు. దాని కిందే ఇంకో నోటు పెట్టి, మొదటిది ఎందుకు తప్పో రాయాలి. డైరెక్టరుగారు, “సంతకం మీదే కదమ్మా! తనిఖీ అయ్యాక చూద్దాం” అన్నారు. ఆయన విసుగులో న్యాయముంది. కానీ ఒకసారి నాటిన కూసాలను తరవాత ఎవరూ పీకించరని నా సర్వీసులో చూశాను. ‘ఇది విద్యార్థులు ఉదయం చదువుకునే స్థలం. పరిశీలనలో పొరపాటు నాది. పచ్చికనూ కంచెనూ గేటు పక్కకు మార్చవచ్చు’ అని రాసి పంపాను. సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. జవాబులోనూ అదే రాశాను.

మూడు రోజులు ఫైలు ఆయన బల్ల మీదే ఉంది. నాలుగో రోజు పొద్దున ఆయన కారు లైబ్రరీ వెనక ఆగి ఉండటం వాచ్‌మన్ చూశాడట. ఆఫీసు తెరిచేసరికి ‘సవరించినట్లు ఆమోదం’ అని రాసిన ఫైలు నా బల్ల మీదికొచ్చింది. మెమో మాత్రం నా పర్సనల్ ఫైల్లో ఉండిపోయింది. నాగవేణి పాత పేపర్లు రెండింటిలోనూ గట్టెక్కింది. జంకకుండా వచ్చి అడిగినందుకు ఆ పిల్లకు నేనే కృతజ్ఞురాలిని.

ఒక జాగా వాడుకలో ఉందో లేదో ఒక్కసారి చూసి తేల్చేది కాదు. మిగిలిన సర్వీసులో నేను పెట్టిన ప్రతి స్థల పరిశీలన నోటులోనూ, తేదీ పక్కన ఎన్ని గంటలకు చూశానో కూడా రాశాను.